వైద్యవిద్యార్థి చేతిలో అంతర్జాలము

ప్రశ్న: మా అబ్బాయి ఎం.బి.బి.ఎస్. రెండవ సంవత్సరము చదువుచున్నాడు. గ్రంథాలయమునకు పోక సందేహములన్నియు ఫోనులోనే తీర్చుకొనుచున్నాడు. మాన్పింపవలెనా?

జవాబు: మాన్పింపవలదు; మార్గము చూపుడు. 1997 నుండి వైద్యవ్యాసముల సూచికయైన పబ్‌మెడ్ అందరికిని ఉచితముగా లభించుచుండగా, పేదదేశముల వైద్యకళాశాలలకు ఖరీదైన పత్రికలను చేరువ చేయుటకై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో హినారి పథకమును నెలకొల్పినది. మన దేశమునకు అందులో చోటు దొరకకపోవుట నాకు నేటికిని బాధాకరమే. అయినను పబ్‌మెడ్‌లో ఉచితముగా పూర్తిపాఠము లభించు వ్యాసములను మాత్రమే వడకట్టి చూచు సదుపాయము కలదు. గూగుల్‌లో జ్వరమని వెదకి మొదట కనబడిన వీడియోను నమ్ముట వేరు. డెంగీ రోగికి ఆస్పిరిన్ ఏల ఈయరాదో, రక్తస్రావభయ మెట్లు పెరుగునో మూలవ్యాసమున చదివి, మరునాడు వార్డులో ఆచార్యుని అడిగి రూఢిపరచుకొనుట వేరు. ఈ రెండవది అలవడవలెనన్నచో, రాత్రి భోజనమువేళ, ఆనాడు చదివినది ఎవరు, ఏ సంవత్సరమున వ్రాసిరో అతనిని ఆప్యాయముగా అడుగుచుండుడు.