ఇంధన వ్యయం – లోప నిర్ణయం

లీటరు డీజిలుకు 14 కిలోమీటర్లు నడిచే పికప్ వాహనం 10 కిలోమీటర్లకు దిగజారితే, దినానికి 140 కిలోమీటర్లు తిరిగే యజమానిపై నాలుగు లీటర్ల అదనపు భారం పడుతుంది. కిరాయి మాత్రం పెరగదు.

అటువంటప్పుడు కొందరు వెంటనే ఇంజను విప్పిస్తారు. అది తొందరపాటు. మొదట టైర్లలో గాలి పరీక్షించాలి. నల్లని పొగ వస్తుంటే, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండి డీజిలు మండడానికి చాలినంత గాలి అందడం లేదేమో చూడాలి. బ్రేకు పట్టు విడవని చక్రం జాడ అంత సులభంగా తెలియదు. బండి ఆపగానే ప్రతి చక్రం సమీపంలో, తాకకుండా, అరచేయి ఉంచితే, ఒకటి మిగిలిన వాటికన్న అధికంగా సెగ కొడుతుంది. ఇంజను శక్తిలో కొంత ఆ రాపిడికే వ్యర్థమవుతున్నదన్నమాట!

సరిచేయించిన పిదప ట్యాంకు నిండుగా పోయించి, అంతే బరువుతో అదే దారిలో నడిపి, మరల నింపి లెక్క కట్టాలి. అంకె మారకుంటేనే ఇంజెక్టర్ల జోలికి పోవాలి.