ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ రాయడం ఎలా?

తన పని గురించి కళాకారుడు తానే రాసుకునే చిన్న వివరణను ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ అంటారు. ఎగ్జిబిషన్లు, ఫెలోషిప్పులు, రెసిడెన్సీలు, కొన్ని విద్యాసంస్థల ఫైన్ ఆర్ట్స్ పీజీ దరఖాస్తుల్లో పోర్ట్‌ఫోలియోతో పాటు దీన్నీ అడుగుతుంటారు. చదివిన కాలేజీ, వచ్చిన బహుమతులు బయోడేటాకు చెందినవి, ఇక్కడ అక్కర్లేదు. చిన్నప్పటి నుంచి బొమ్మలంటే ప్రాణమన్న వాక్యమూ అనవసరమే. దరఖాస్తు చేసినవాళ్లందరికీ ఆ ఇష్టం ఉండే ఉంటుంది.

ఏం చేస్తున్నారు, దేంతో ఎలా చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు అన్నవి తెలిస్తే చాలు. చిక్కంతా ‘ఎందుకు’ దగ్గరే. ‘నా చిత్రాలు మానవ అస్తిత్వంలోని సంఘర్షణను అన్వేషిస్తాయి’ అని రాస్తే ఎవరి బొమ్మకైనా సరిపోతుంది, అంటే ఎవరి గురించీ ఏమీ చెప్పనట్టే. ఎచింగ్ చేసే విద్యార్థి ఒకరు ఇలా రాశారనుకుందాం: ‘జింక్ ప్లేట్‌ను కావాలనే యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంచుతాను. గీతల అంచులు తినేసినట్టవుతాయి. మా ఊళ్లో పెచ్చులూడుతున్న మట్టి గోడలు అలాగే ఉంటాయి.’ ఇందులో ‘అన్వేషణ’ లేదు, ‘అస్తిత్వం’ లేదు. అయినా ఆ పద్ధతికీ ఆ ఊరికీ ఉన్న సంబంధం అర్థమైపోతుంది. సెలక్షన్ కమిటీ వెంటనే ప్రింట్ వైపు చూస్తుంది. స్టేట్‌మెంట్ చేయాల్సిన పని అదే.

సంప్రదాయ కళల వారిది మరో ఇబ్బంది. శ్రీకాళహస్తి కలంకారీ చేసేవారు ఆ కళ చరిత్రతోనే సగం పేజీ నింపేస్తుంటారు. గుడ్డను కరక్కాయ, పాలలో తడపడం, బెల్లంతో ఇనుప ముక్కలను ఊరబెట్టి నల్లరంగు తీయడం ఆ కళలో అందరికీ ఉన్నవే. వాటిని ఒక వాక్యంలో ముగించి, తాను ఎంచుకున్న కథ ఏది, పాత పద్ధతిలో దేన్ని ఉంచారు, దేన్ని మార్చారు అన్నది రాయాలి.

నిడివి ఎంతో దరఖాస్తులో ఉంటే దాన్ని దాటకూడదు. లేకపోతే 100 నుంచి 200 పదాలు చాలు. ‘నేను’ అని రాయడమే వాడుక. పెద్ద చిత్రకారుల పేర్లు, సిద్ధాంతాల పేర్లు పనికి నేరుగా ముడిపడితేనే ఉంచాలి. ఇంగ్లీషులో ఇవ్వాల్సి వచ్చినా ముందు తెలుగులో రాసుకోవడం మేలు. అరువు మాటలు చాలావరకు అక్కడే రాలిపోతాయి. ఆ తర్వాత కళలతో పరిచయం లేని ఒకరికి చదివి వినిపించి, బొమ్మ ఎలా ఉంటుందనుకుంటున్నారో అడగాలి. వాళ్లు చెప్పలేకపోతే వివరం చాలలేదన్నమాట. కొత్త సిరీస్ మొదలైతే పాత స్టేట్‌మెంట్‌కు అతుకులు వేయకుండా మళ్లీ రాయాలి. ప్రదర్శనలో గోడకు పెట్టడానికి 50 పదాల కుదింపు ఒకటి సిద్ధంగా ఉంచుకుంటే సరిపోతుంది.