మానసిక వ్యాధి మందులతో ముఖంలో ఆగని కదలికలు

నోట్లో తాంబూలం ఉండదు, అయినా దవడ నములుతూనే ఉంటుంది. నాలుక ఉన్నట్టుండి బయటికి వచ్చి లోపలికి పోతుంది, పెదవులు ముడుచుకుంటాయి. స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు చాలాకాలంగా మందులు వాడుతున్న కొందరిలో కనిపించే ఈ స్థితిని టార్డివ్ డిస్కినీసియా అంటారు. చాలాసార్లు రోగికి ఈ కదలికల సంగతే తెలియదు, ఇంట్లోవాళ్లే ముందు గమనిస్తారు. నిద్రలో ఇవి ఆగిపోతాయి.

1952లో క్లోర్‌ప్రోమజైన్‌తో మొదలైన ఈ మందులు మెదడులో డోపమైన్ గ్రాహకాలను అడ్డుకుంటాయి. భ్రమలు తగ్గేది అందువల్లే. అయితే కదలికలను నడిపే భాగంలోనూ ఆ అడ్డు ఏళ్ల తరబడి కొనసాగితే, అక్కడి గ్రాహకాలు కాస్త డోపమైన్‌కే అతిగా స్పందిస్తాయన్నది ప్రధాన వివరణ. హాలోపెరిడాల్ వంటి పాత మందులతో ముప్పు ఎక్కువ, క్లోజపైన్‌తో చాలా తక్కువ. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్‌ను దీర్ఘకాలం వాడినా ఇదే రావచ్చు.

పొరపాటు జరిగేది ఇక్కడే. మందు మొదలుపెట్టిన గంటల్లోనో రోజుల్లోనో మెడ, దవడ బిగుసుకుపోయి కనుగుడ్లు పైకి తిరగడం వేరే సమస్య. దాన్ని అక్యూట్ డిస్టోనియా అంటారు. ప్రోమెథజైన్ ఇంజెక్షన్‌తో అది త్వరగా తగ్గుతుంది. తర్వాత కొన్నాళ్లు ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలు ఇస్తారు. ఆ మాత్ర ఒక్కోసారి చీటీలో అలాగే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఆలస్యంగా వచ్చే టార్డివ్ కదలికలకు అది పనిచేయదు సరికదా, వాటిని పెంచవచ్చు కూడా. అందుకే ఆ మాత్ర ఇంకా అవసరమా అని డాక్టరును అడగాలి.

భయపడి అసలు మందునే ఒక్కసారిగా మానేస్తే మరింత నష్టం. కదలికలు ఎక్కువవుతాయి, పాత జబ్బు తిరగబెట్టవచ్చు. డాక్టరే మోతాదు నెమ్మదిగా తగ్గిస్తారు, లేదా ముప్పు తక్కువున్న మందుకు మారుస్తారు. అప్పటికీ తగ్గకపోతే వాల్బెనజైన్, డ్యూటెట్రాబెనజైన్ ఉన్నాయి. అమెరికాలో 2017లో ఆమోదం పొందిన ఈ రెండూ నరాల కొసల్లోని సూక్ష్మ సంచుల్లోకి డోపమైన్ చేరకుండా తగ్గిస్తాయి.

ఈ దారి మన సర్పగంధకు దగ్గరిదే. పిచ్చికీ, రక్తపోటుకూ ఆ వేరు పనిచేస్తుందని కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. 1952లో దాని నుంచి వేరుచేసిన రిసెర్పిన్ కూడా ఆ సంచులనే ఖాళీ చేస్తుంది. కాకపోతే దాని పట్టు ఒక పట్టాన వదలదు, రక్తపోటు పడిపోతుంది. కొత్త మందుల పట్టు తాత్కాలికం. అయినా దిగులు, మగత వస్తున్నాయేమో కనిపెట్టి ఉండాలి.

పరీక్షకు యంత్రాలేవీ అక్కర్లేదు. నోట్లో ఏమైనా ఉందా, కట్టుడు పళ్లు వదులయ్యాయా అని డాక్టరు ముందు అడుగుతారు. తర్వాత బొటనవేలిని మిగతా వేళ్లకు వరసగా తాకించమని చెప్పి, చేతిని కాక ముఖాన్ని గమనిస్తారు.