నాలుగు కొవ్వొత్తులూ ఒక్కరోజే వెలిగించక్కర్లేదు

రామ్మా, ఇలా నా పక్కన కూర్చో. టీ చల్లారకముందే చెప్పు, ఏటమ్మా ఆ బెంగ? ఆగమన కాలం దగ్గరపడింది, విచారణకు కొత్త ఏడు మొదలు. ఈసారి సలహా సంఘంలో నీ పేరూ చదివారు. సత్యోపదేశం పిల్లలు, పాటల బృందం, క్రిస్మస్ పశువుల పాక, రోగుల ఇళ్లకు వెళ్లడం... అన్నీ ఒక్కసారే గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు, అంతేనా? మనలో ఎవరికి పట్టింది చెప్పు!

ముందు ఆ బరువు సగం దించుకుందాం. 1983 నాటి తిరుసభ చట్టం ప్రకారం ఈ సంఘం పని సలహా చెప్పడమే. డబ్బు వ్యవహారాలకు ప్రతి విచారణలోనూ వేరే ఆర్థిక సంఘం ఉండాలి. అందుకని చందా సొమ్ము నీ పర్సులో దాచకు. రసీదు రాసి, ఆ రోజే అప్పజెప్పెయ్. మాట రాదు, మనసూ తేలిక. మిగతా పనుల్లో ఒక్కటి మాత్రం నీది అనుకో. తక్కినవాటికి తక్కినవాళ్లు లేరూ?

“మీటింగ్ పెడితే ఎవరూ రారప్పా” అంటావు. వరికోతల రోజుల్లో సాయంత్రం నాలుగింటికి పిలిస్తే ఎవరొస్తారమ్మా? పొలం నుంచొచ్చి, కాళ్లు కడుక్కుని, పిల్లలకు అన్నం పెట్టాలి కదా. ఆదివారం పూజ అయ్యాక, గుడి అరుగు మీదే అరగంట కూర్చోబెట్టు. హైదరాబాద్, చెన్నై పనులకెళ్లినవాళ్లు క్రిస్మస్‌కో సంక్రాంతికో ఇంటికొస్తారు. ఏడాది పనులేమిటో వాళ్లు ఊళ్లో ఉండగానే వినిపిద్దాం. లేకపోతే మమ్మల్ని అడగనేలేదన్న బాధ వాళ్లకుండదూ?

ఇక గుడికి రావడం మానేసినవాళ్ల సంగతి. నీ అసలు దిగులు అదేనని నాకు తెలుసు. “ఎందుకు రావట్లేదు?” అని మాత్రం అడగకు. వాళ్లింటి అరుగు మీద కూర్చో, మోకాళ్ల నొప్పి ఎలా ఉందో అడుగు, వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగు. రెండోసారి వెళ్తే కారణం వాళ్లే చెబుతారు. కొత్త గుమ్మం తొక్కాలంటే బెరుకా? పాత సంగతొకటి విను. 1846లో ఐరోపాలోని అన్నెసీ పట్నం నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీ సభ వాళ్లు ఆరుగురు విశాఖ చేరారు. మన భాష రాదు, మన ఎండ అలవాటు లేదు. అయినా మన మధ్యే ఉండిపోయారు. తర్వాత విశాఖ మేత్రాసనం నుంచే 1993లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు శ్రీకాకుళం మేత్రాసనం ఏర్పడింది. భాష రానివాళ్లే అంత దూరం వచ్చారే, మనం పక్క వీధికి వెళ్లలేమా?

ఆగమన మాలలో కొవ్వొత్తులు నాలుగు. వారానికొక్కటే వెలిగిస్తాం. మన పనీ అలాగే సాగనీ తల్లీ. మొదటి వారం ఒక్క ఇల్లు, రెండో వారం ఇంకొకటి. క్రిస్మస్ నాటికి నాలుగు ఇళ్లు చాలవూ?

సరే, టీ తాగి లే. ఈ ఆదివారం మాత్రం ఒక్కదానివే రాకు. మీ వీధి చివర ముసలమ్మ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిపించుకురా.