బీమా ఎన్నాళ్లో, బస అన్నాళ్లే

పిల్లలారా! మీలో కొందరు పెద్దవారయ్యాక కెనడా చూడాలనుకుంటారు. అక్కడ కొంతకాలం పనిచేస్తూ, ఆ సంపాదనతో దేశం చుట్టి రావడానికి 'వర్కింగ్ హాలిడే' అనుమతి ఉన్నది. 18 నుండి 35 ఏండ్ల వయసుగల బ్రిటిష్ పౌరులు దానికి దరఖాస్తు చేసుకోవచ్చును.

ఇక్కడ జబ్బు చేస్తే నేషనల్ హెల్త్ సర్వీస్ చూసుకుంటుంది. కెనడాలో ఆ సాయం అందదు. మంచులో జారి కాలు విరిగితే ఖర్చంతా మనదే. కనుక అక్కడ ఉండే కాలమంతటికీ ఆరోగ్య బీమా తప్పనిసరి. వైద్యము, ఆసుపత్రిలో చికిత్స, అవసరమైతే స్వదేశానికి చేర్చడము - ఈ మూడూ అందులో ఉండాలి.

విమానం దిగగానే అధికారి బీమా పత్రము అడుగవచ్చును. అది లేకపోతే లోనికి రానివ్వకపోవచ్చును. రెండేండ్లు ఉండదలచి ఆరు నెలల బీమాతో వెళితే, ఆరు నెలలకే అనుమతి ఇవ్వవచ్చును. తరువాత బీమా కొన్నా ఆ గడువు పెరగకపోవచ్చును. ఇల్లు కాలేటప్పుడు బావి త్రవ్వితే ఏమి లాభం?

మీ అన్నయ్యో అక్కయ్యో బయలుదేరుతుంటే, టిక్కెట్టు తేదీతోపాటు బీమా తేదీలు కూడా చూడండి.

ప్రశ్నలు
1. బీమాలో ఉండవలసిన మూడు అంశాలేవి?
2. బీమా గడువు తక్కువైతే ఏమి జరుగవచ్చును?