మచ్చల బొంతు: పెంచువారు ఎరుగవలసిన సంగతి

రొయ్యల చెరువులు గల రైతు సోదరులు కొందరు నేడు నారింజ మచ్చల బొంతును గూర్చి అడుగుచున్నారు. బొంతు అను పేరు మన తీరమునకు పాతదే. 1803లో అచ్చయిన పాట్రిక్ రస్సెల్ దొర విశాఖ చేపల గ్రంథములోను అది కలదు.

పెద్ద చేపలు పగడపు దిబ్బలలో, రాళ్ల సందులలో నివసించును. పిల్లలు ఏటిమొగలలో, మడ అడవుల నీటిలో పెరుగును. కావుననే ఉప్పు తగ్గిన నీటిని కూడ ఈ చేప ఓర్చుకొనును.

ఇక వింత ఏమనగా, ఇది మొదట ఆడదిగా ఎదుగును. 2, 3 ఏండ్లకు, 25–30 సెం.మీ. పొడవున గ్రుడ్లకు వచ్చును. 55–75 సెం.మీ. పెరిగినపుడు మగదిగా మారును. కనుక మంచి ధర వచ్చునని పెద్దవానినెల్ల పట్టివేసినచో దిబ్బపై మగవి కరవై, గ్రుడ్లు ఫలింపవు. జాలరి సోదరులకు గ్రామాధికారులు ఈ సంగతి తెలియజెప్పవలెను.

ఏటిమొగలలో పిల్లలను ఏరి తెచ్చి పెంచుటయు నాకు సమ్మతము కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి విశాఖ కేంద్రము హేచరీలో పిల్లలను తీయు పద్ధతిని సాధించినది. అట్టి పిల్లలనే కొనుడు. రొయ్యలున్న చెరువులో వీనిని వదలరాదు. రొయ్యలు దీనికి ప్రియమైన మేత. ఆకలైనచో తమలో చిన్నవానిని సైతము మ్రింగును. చిన్నతనమున తరచు సైజువారీగా వేరుచేసి, వేరు వేరు వలతొట్లలో ఉంచుడు.