పసుపు చేనుకు ఆకు దుప్పటి

దుగ్గిరాల అంటే పసుపు గుర్తుకొస్తుంది. గుంటూరు జిల్లాలో అక్కడి పసుపు మార్కెట్టుకు పెద్ద పేరు. పసుపు, అల్లం ఒకే కుటుంబం. రెండింటికీ దుంప నేలలోనే ఊరుతుంది. అందుకే ముందు నేలను చూసుకోవాలి.

జూన్‌లో విత్తన కొమ్ములు నాటుతాం. మొలక పైకి రావడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ నేల బోసిగా ఉంటుంది. ఎండకు తడి ఆరిపోతుంది. నల్లరేగడి నెర్రెలిస్తుంది. పెద్ద వాన కొడితే పైమట్టి గట్టిపడుతుంది. పసుపు మొలక కన్నా ముందే కలుపు లేస్తుంది. ఆ కలుపు తీసేదెవరు? మనమే. నడుములు పడిపోయేదీ మనకే.

నాటిన వెంటనే బోదెల మీద ఆకు పరచండి. దీన్నే మల్చింగ్ అంటారు. కానుగ, గ్లైరిసీడియా, జనుము, ఏ ఆకైనా సరే. ఎకరాకు సుమారు 5 టన్నుల పచ్చి ఆకు కావాలి. నలభై, యాభై రోజులకు కలుపు తీసి, ఎరువు వేసి, మళ్ళీ పరచాలి. ఆకు కింద తడి నిలుస్తుంది. వెలుతురు తగలక కలుపు తగ్గుతుంది. ఆకు కుళ్ళి ఎరువవుతుంది. వానపాములు చేరి మట్టిని గుల్ల చేస్తాయి.

"వరిగడ్డి పరచొచ్చా?" అని అడుగుతారు. పరచొచ్చు. కానీ గడ్డి గేదెల మేత గదా! ప్రకాశం మెట్ట ఊళ్ళలో గడ్డి కొనుక్కోవాలి కూడా. గేదె నోటి ముందు మేత తీయొద్దు. వానకు తడిసి పశువు ముట్టని గడ్డి ఉంటే అది వేయండి. ఎండు గడ్డికి చెదలు పట్టొచ్చు, చూసుకుంటూ ఉండాలి. గింజ పట్టిన కలుపు మాత్రం పరచొద్దు. తెగులు తగిలిన ఆకూ వద్దు.

ఇంకో సంగతి. కాలవల్లో ఆకు పడి నీళ్ళు నిలిచాయా, దుంపకుళ్ళు వస్తుంది. ముందు మురుగు పోయే దారి చూడాలి. అది లేని చేలో ఆకు పరచకపోవడమే మేలు.

కలుపు తగ్గితే మా కూలి రోజులు తగ్గవా అని కూలికి వెళ్ళే చెల్లి అనొచ్చు. ఆ మాట నిజమే. ఆకు కోయడం, మోయడం, పరచడం కూడా పనే. దానికీ కూలి మాట్లాడుకోవాలి.

చేను ఉన్నవాళ్ళు ఈ ఏడు రెండు బోదెలకే ఆకు పరిచి చూడండి. పక్క రెండు బోదెలు వదిలేయండి. ఎన్నిసార్లు కలుపు తీశారో, ఎన్నిసార్లు నీళ్ళు పెట్టారో నోటుబుక్కులో రాసుకోండి. తవ్వాక దుంపలు విడివిడిగా తూచి, ఆ బరువూ పక్కనే రాయండి.